ఊరంతా ఒకే చేతివ్రాత

ఆలూరు దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోతే ఒక ఊరు వస్తుంది. బస్సు రోజుకు రెండుసార్లు వచ్చి, వచ్చినందుకు నొచ్చుకున్నట్టు అక్కడే తిరుక్కుని వెనక్కు పోతుంది. ఆ ఊళ్లో నూటికి నూరు మంది అక్షరాస్యులు. ఈ మాట నేను అనడం లేదు, ఊరి మొదట్లో సిమెంటు దిమ్మె మీద నిలబెట్టిన రేకు బోర్డు అంటుంది. బోర్డు మీద రాసింది చదవగలిగినవాళ్లు ఊళ్లో బహు కొద్దిమంది కాబట్టి దాని మీద ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అది మా ఊరే. ఆ బోర్డు నిలబడడంలో నా శ్రమ కూడా కొంత ఉంది. ఈ సంగతి ఎక్కడా గొప్పగా చెప్పుకోలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నేను బి.ఏ. ముగించి, కర్నూలులో రెండేళ్లు పోటీ పరీక్షలకు చదివి, దేశంలోని నదులు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తాయో కంఠస్థం చేసి, బిందె నీళ్లకు వరుసలో నిలబడే మా ఊరికి తిరిగి వచ్చాను. వచ్చిన వారానికే మండలం నుంచి అక్షరాస్యత సూపర్‌వైజరు స్కూటరు మీద మా ఇంటి ముందు దిగాడు.

"ఏమప్పా, ఖాళీగా ఉండావంట."

"ఖాళీగా లేను సార్. పరీక్షలకు చదువుకుంటాండా."

"అదే కదప్పా, ఖాళీగా ఉండావు."

అలా నేను వయోజనులకు చదువు చెప్పేవాడినయ్యాను. ఒక నల్లబల్ల, ఇరవై పలకలు, సుద్దముక్కల డబ్బా, ఒక కట్ట వాచకాలు, హాజరు పుస్తకం నాకు అప్పగించాడు. వాచకం తెరిస్తే మొదటి పాఠం వల. రెండో పాఠం పడవ. మూడో పాఠంలో ఒక మనిషి కొబ్బరిచెట్టు కింద కూర్చుని చేపల బుట్ట అల్లుతున్నాడు. సముద్రం ఒడ్డున ఎక్కడో దూరాన ఉన్న బెస్త పల్లెల కోసం అచ్చువేసిన పుస్తకాలు అక్కడ మిగిలిపోతే మా వైపు తోలారని తర్వాత తెలిసింది. మిగిలిపోయాయంటే అక్కడ కూడా చదువు ఎలా నడిచిందో ఊహించుకోవచ్చు.

చెప్పడానికి చోటు లేదు. బడికి తాళం, తాళంచెవి పంతులుతో పాటు ఆదోనిలో ఉంటుంది. అప్పుడు మా ఊరి శెట్టి ముందుకు వచ్చి తన గోడౌను ఇస్తానన్నాడు. శెట్టి ఊరికే ఏదీ ఇచ్చే మనిషి కాదు కాబట్టి ఊరంతా ఆశ్చర్యపోయింది. రెండో రోజుకు ఆ ఆశ్చర్యం తీరిపోయింది.

వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. విత్తనం బుడ్డలను మిషనులో వేస్తే గింజ మొన విరిగి మొలవదు. అందుకని చేత్తోనే ఒలవాలి. కాయల మీద నీళ్లు చిలకరించి, ముక్కు దగ్గర బొటనవేలితో నొక్కితే చిట్లుతుంది. చుట్టుపక్కల ఊళ్లకు విత్తనం శెట్టే అమ్ముతాడు. కాబట్టి ఉగాదికి ముందు మొదలైన ఒలుపు తొలకరి దాకా సాగుతుంది. ఆడవాళ్లు మధ్యాహ్నం ఎండకు బయట పని లేక గోడౌనులో చేరి, బస్తాలు ముందు పెట్టుకుని ఒలుస్తూ కూర్చుంటారు. శెట్టి నాతో అన్నది ఇంతే: "వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు, నీ పని నువ్వు చేసుకోప్పా. చెవులు ఖాళీగానే ఉంటాయి కదా."

చెవులు నిజంగానే ఖాళీగా ఉన్నాయి. చేతులు మాత్రం లేవు. పలక పట్టుకుంటే ఒలుపు ఆగుతుంది, ఒలుపు ఆగితే శెట్టి గుమ్మంలోకి వచ్చి దగ్గుతాడు. అందువల్ల ఇరవై పలకలూ గోడ మూలన పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. నేను బల్ల మీద రాసి చదువుతాను, వాళ్లు తల ఎత్తి చూసి అంటారు, తల దించి ఒలుస్తారు. ప్రపంచంలో చెయ్యి పెట్టకుండా రాయడం నేర్పిన బడి మాదొక్కటే అయి ఉంటుంది.

"పడవంటే ఎట్లుంటాది అయ్యవారా?" అని మొదటి వారంలో ఒకామె అడిగింది.

"నీళ్ల మీద పోయే బండి."

"ఎన్ని నీళ్లుండల్ల?"

"శానా."

"తాగను బిందెడు లేవు. బండి తోలను యాడ తెద్దుము?"

అందరూ నవ్వారు. ఒక్క మనిషి నవ్వలేదు. నేను పెద్దమ్మా అని పిలిచే వితంతువు. వరసకు ఏమీ కాదు, మా వీధి చివర ఇల్లు. యాభై దాటి ఉంటాయి. పిల్లలు లేరు. మొగుడు పోయినప్పటి నుంచి వాగు పక్కన ఉన్న రెండెకరాల మెట్టే ఆమెకు అన్నీ. ఆ భూమిని మరిది సేద్యం చేసి పంటలో సగం ఆమె ఇంట్లో వేసేవాడు. ఆమె తల ఎత్తితే మిగతావాళ్ల కంటే ఎక్కువసేపు ఎత్తేది. బల్ల మీది అక్షరాన్ని చూసి, తర్వాత విత్తనాల బస్తా మీద అచ్చులో అదే అక్షరాన్ని వెతికేది.

"ఇది, అది ఒకటే కదప్పా?" అని బస్తా చూపించి అడిగేది.

ఒకటే అంటే తృప్తిగా మళ్లీ బుడ్డలు ఒలిచేది. నా చదువు చెప్పే పద్ధతిలో ఏమైనా గొప్పతనం ఉంటే అది ఆ బస్తాలది.

తొలకరి పడింది. సరిగ్గా ఆ రోజే పరీక్ష. ప్రశ్నపత్రాలు బస్తాలో వేసుకుని సూపర్‌వైజరు వచ్చేసరికి గోడౌనులో నేను, శెట్టి పిల్లి తప్ప ఎవరూ లేరు. పదును ఆరకముందే విత్తనం వేయాలి కాబట్టి ఊరు ఊరంతా చేలల్లో ఉంది.

"ఇంకో దినం పెట్టుకుందాం సార్," అన్నాను.

"జిల్లా అంతా ఈ దినమే రాయల్ల. ఈ ఊరొక్కటి నిలబడిపోతే నా మాట పోతాది. కూచోప్పా."

"ఎవరు సార్ కూచునేది?"

ఆయన కాగితాలు నా ముందు పెట్టి, బయట శెట్టి అంగడి ముందున్న మంచం మీద నడుము వాల్చాడు. టీ తాగుతూ ఒక్క సలహా మాత్రం ఇచ్చాడు. "అందరికీ ఒకే మాదిరి రాయొద్దు. నాలుగు తప్పులు పెట్టు. చూసేవాళ్లకు నమ్మకంగా ఉండల్ల."

నేను తప్పులు పెట్టాను. డిగ్రీ చదివినవాడు కావాలని తప్పులు రాయడం అనుకున్నంత సులభం కాదు. చేతివ్రాత కూడా మార్చాలని రెండు కాగితాలు ఎడమచేత్తో రాసి చూశాను. అవి నాకే అర్థం కాలేదు. అందుకని మిగతావన్నీ కుడిచేత్తోనే, అక్షరాలు కొంచెం వంకరగా పోనిస్తూ లాగించాను. ప్రతి కాగితం చివర ఎవరి పేరు వాళ్లకు సంతకంగా రాశాను. సాయంత్రానికి మా ఊరు పరీక్ష రాసింది.

పెద్దమ్మకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆమె కాగితం మొదట రాశాను, చెయ్యి నొప్పి పుట్టకముందు.

తర్వాత సభ జరిగింది. మండల రెవెన్యూ అధికారి, అంటే మా వాళ్లు ఎమ్మార్వో అనే పెద్దమనిషి, జీపులో వచ్చాడు. ఇక మా ఊళ్లో ఎవరికీ వేలిముద్ర అవసరం లేదని ప్రకటించి, బడి ఆవరణలో గుంట తవ్వించి, ఇంకు ప్యాడును అందులో పూడ్చే కార్యక్రమం పెట్టారు. ఇత్తడి పళ్లెంలో ప్యాడు, దాని మీద పసుపూ కుంకుమా. తప్పెట్లు మోగాయి. అధికారి మొదటి పిడికెడు మట్టి వేశాడు.

వెనక వరుసలో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"ఎవరు సచ్చిరే?"

"ఏలిముద్దర సచ్చిందంట."

"మూడోదినం కూడు పెడతారా?"

పంచాయతీ కార్యదర్శి నా పక్కనే నిలబడి ఉన్నాడు. అంత మంచి ప్యాడును పూడ్చేస్తే రేపు రేషను కార్డులకు ఏం చేస్తారని అడిగాను. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అది ఎండిపోయిందప్పా. మంచిది సొరుగులో ఉండాది," అన్నాడు. ఊళ్లో ముందుచూపు ఉన్న మనిషి ఆయనొక్కడే.

వేదిక మీద పెద్దమ్మను పిలిచి, ఎక్కువ మార్కులకు సర్టిఫికేటు ఇచ్చారు. ఆమె తీసుకుని, తిరగేసి చూసి, నా వైపు చూసింది. ఆమెకు రాసిన జ్ఞాపకం లేదు. సర్కారువాళ్లు ఇస్తున్నారంటే ఏదో కారణం ఉంటుందనుకున్నట్టుంది. నాకు కూడా ఒక ప్రశంసాపత్రం దక్కింది. మా నాయన దానికి చట్రం కట్టించి, క్యాలెండరు తీసేసి ఆ మేకుకే తగిలించాడు. ఆ ఏడాదంతా మా ఇంట్లో తేదీ తెలియలేదు.

పొద్దుతిరుగుడు కోతల కాలంలో ఒకరోజు పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ వాకిట్లోనే నిలబడే మనిషి నేరుగా లోపలికి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"చావిడి గోడకు కాయితం అంటించినారు. దాంట్లో నా పేరు ఉండాది. ఏంటికి ఉండాదప్పా?"

"నీ పేరని ఎట్ల తెల్సు?"

"చదివితి కదా."

ఆ క్షణంలో నాకు గర్వపడాలో భయపడాలో తేలలేదు. నేను చెప్పిన చదువు ఒక మనిషి వాడుకోవడం అదే మొదటిసారి. చావిడి దగ్గరికి వెళ్లి చదివాను. వాగు పక్కన రెండెకరాల మెట్టను ఆమె ఇష్టపూర్వకంగా మరిదికి వదిలేస్తూ కాగితం రాసి సంతకం పెట్టిందట. దాన్ని బట్టి భూమిని అతని పేరుకు మార్చమని దరఖాస్తు వచ్చిందట. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చట.

పెద్దమ్మ నేరుగా మరిది ఇంటికి నడిచింది. నేను వెనకే వెళ్లాను, సాక్షిగా అనుకుంటూ. ఆ మరిది నిన్నటిదాకా సేద్యం చేసినవాడే. ఈ మధ్య తెల్లచొక్కా వేసుకుని మండలాఫీసులో తిరగడం నేర్చాడు. అరుగు మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆ ఫోనుకు మా ఊళ్లో సిగ్నలు రాదు.

"ఏం కాయితమప్పా అది?" అంది పెద్దమ్మ.

"నువ్వు సంతకం పెడితివి కదా వదినా. మర్చిపోతివా?"

"నాకు సంతకం యాడొచ్చు?"

"రాకపోతే సర్టిఫికేటు ఎట్ల ఇస్తిరి? ఊరందరి ముందర ఇస్తిరి. నీకు మార్కులు గూడా ఎక్కువ వచ్చె," అన్నాడు. తర్వాత నా వైపు చూసి నవ్వాడు. "కావాలంటే మీ అయ్యవారినే అడుగు."

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండేవాడిని, అప్పటికే చెయ్యి తిరిగింది కదా.

దారిలో నేను చెప్పేశాను. పరీక్ష రోజు ఏం జరిగిందో, ఆమె కాగితం ఎవరు రాశారో, చివర సంతకం ఎవరు పెట్టారో, అంతా చెప్పాను. ఆమె ఆగి విన్నది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అయితే ఇప్పుడన్నా చెయ్యి పట్టి రాయించు. నా సంతకం ఎట్లుంటాదో ఎమ్మార్వో సామి ముందర రాసి చూపిస్తా. ఆ కాయితంలోది నాది కాదని తెలిసిపోతాది."

ఇక్కడ నా జీవితంలో అక్షరాస్యతకు నేను చేసిన ముఖ్యమైన సేవ ఉంది. నేను వద్దన్నాను. ఇప్పుడు ఆమె ఒక్క అక్షరం రాసినా, రాయడం వచ్చిన మనిషి అవుతుంది. వచ్చిన మనిషే ఆ కాగితం కూడా రాసిందంటారు. భూమి పోతుంది. ఆఫీసులో ఏం ఇచ్చినా రాయవద్దని, పెన్ను ముట్టుకున్నా బలపం పట్టుకున్నట్టు పట్టుకోవద్దని వివరంగా పాఠం చెప్పాను. నా పాఠాలన్నిటిలో శ్రద్ధగా తయారుచేసింది అదే.

"నేర్చుకోమని ఇంటింటికీ తిరిగితివి. ఇప్పుడు వద్దంటాండావు," అంది.

"కేసు అయిపోయినంక నేర్పిస్తా పెద్దమ్మా."

"అప్పటికి నేనుండల్ల కదా."

ఆమెకు రాయడం రాదన్నదానికి ఏదైనా కాగితం దొరుకుతుందేమోనని నేను మండలాఫీసులో విచారించాను. కులానికి, ఆదాయానికి, పుట్టుకకు, చావుకు ధ్రువపత్రాలు ఇస్తారు. చదువు రాదన్నదానికి ఇవ్వరు. గుమాస్తా నన్ను విచిత్రంగా చూసి, "ఏ ఊరు?" అన్నాడు. చెప్పాను. "మీ ఊళ్లో అట్లాంటోళ్లు లేరు కదా," అన్నాడు. గోడ మీద పట్టిక చూపించాడు. మా ఊరి ఎదుట నూరు అని ఉంది.

విచారణ రోజు ముగ్గురం ఎమ్మార్వో బల్ల ముందు నిలబడ్డాం. పెద్దమ్మ, మరిది, నేను. ఆయన అధికారులు మాట్లాడే తెలుగులో మెల్లగా అడిగాడు.

"ఏమమ్మా, ఇది నీ సంతకమేనా?"

"కాదు సామీ. నాకు రాయను రాదు."

"మీ ఊరికి నేనే వచ్చాను. నీకు సర్టిఫికేటు నేనే ఇచ్చాను."

"ఇస్తిరి సామీ. పెట్టెలో జాగ్రత్తగా ఉండాది."

"రాయడం రాని మనిషికి సర్టిఫికేటు ఎలా ఇస్తాం?"

"అది మిమ్మల్నే అడగల్ల సామీ."

ఆయన ఒక తెల్లకాగితం, పెన్ను ముందుకు జరిపాడు. పెద్దమ్మ పెన్నును తీసుకుంది. నేను చెప్పిన పాఠం ఆమెకు అవసరం కాలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెన్ను ముక్కును పట్టుకుని నొక్కింది. బుడ్డ ఒలిచే పద్ధతి అది. ఆమె చేతికి తెలిసింది అంతే. కాగితం మీద ఒక చుక్క పడి పాకింది.

"నాటకం సార్," అన్నాడు మరిది. "పరీక్ష కాయితాలు ఈడనే బీరువాలో ఉంటాయి. తెప్పించి సూడండి, ఎంత చక్కగా రాసిందో."

తన కేసుకు బలమైన సాక్ష్యం అడిగానని అతను అనుకున్నాడు. గుమాస్తా బీరువా తెరిచి, దుమ్ము కట్టలోంచి మా ఊరి కాగితాలు తెచ్చాడు. ఎమ్మార్వో పెద్దమ్మది తీసి చూశాడు. మరిది తెచ్చిన కాగితం పక్కన పెట్టాడు. రెండు సంతకాలకూ పోలిక లేదు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆయన దాని కింది కాగితం కూడా చూశాడు, దాని కిందిది కూడా చూశాడు. తర్వాత ఐదారు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పరిచాడు.

"ఊరంతా ఒకే చేతివ్రాతా?"

చదువు చెప్పినవాడు ఒక్కడే కాబట్టి అందరికీ ఒకే రాత అబ్బింది సార్ అనబోయాను. నా నోట్లోకి వచ్చే మొదటి మాట ఎప్పుడూ ఇలాంటిదే. పక్కన పెద్దమ్మ బొటనవేలికి అంటిన ఇంకును కొంగుతో తుడుచుకుంటోంది.

"నేనే రాసినా సార్. అన్నీ. ఆ దినం ఊళ్లో ఎవరూ లేరు, వాన పడినాది. ఈ మనిషి జన్మలో పలక పట్టుకోలేదు."

ఎమ్మార్వో లేచి స్వయంగా తలుపు దగ్గరికి వేశాడు. అప్పుడు ఆయన కష్టం కూడా నాకు అర్థమైంది. నేను చెప్పింది రాసుకుంటే మా ఊరు నూరు నుంచి జారుతుంది. మా ఊరు జారితే, ఏ చేతివ్రాత ఎన్ని ఊళ్లలో ఉందో చూడాల్సి వస్తుంది. పిడికెడు మట్టి వేసిన చెయ్యి ఆయనది.

"ఇతను ఈమె సంతకం పెట్టాడు," అని మరిది వైపు వేలు చూపించాడు. తర్వాత అదే వేలు నా వైపు తిప్పాడు. "నువ్వూ ఈమె సంతకం పెట్టావు. చేసిన పని ఇద్దరిదీ ఒకటే. కేసు పెడితే ఇద్దరి మీదా పెట్టాలి."

నన్నూ ఆ తెల్లచొక్కానూ ఒకే గాటన కట్టడం నాకు చాలా అన్యాయంగా తోచింది. ఎందుకు అన్యాయమో అడిగితే అప్పుడు చెప్పలేకపోయేవాడిని. ఇప్పుడూ చెప్పలేను.

మరిది ముఖం మాడింది. "మా ఇంటి సంగతి సార్, మేం మాట్లాడుకుంటాం," అన్నాడు. దరఖాస్తు వెనక్కు తీసుకుంటున్నట్టు అక్కడే రాసి ఇచ్చాడు. అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా ఉన్నాయి. ఎమ్మార్వో పరీక్ష కాగితాలను జాగ్రత్తగా కట్టగట్టించి మళ్లీ బీరువాలో పెట్టించాడు. తాళం వేశాక ఒకసారి లాగి చూశాడు.

ఆ దరఖాస్తు రద్దయిందనీ, భూమి తన పేరునే ఉందనీ పెద్దమ్మ ఒప్పుకుంటూ వేలిముద్ర వేయాలి. పూడ్చేశాం కదా సార్ అనడానికి అది సమయం కాదు. గుమాస్తా సొరుగులోంచి ప్యాడు తీశాడు. ఆమె వేలు అద్ది కాగితం మీద వేసింది. మచ్చ పడింది, గీతలు పడలేదు.

"మళ్లీ వెయ్యమ్మా. గీతలు రాలేదు."

"గీతలు శెట్టి గోడౌనులో ఉండాయి సామీ. ఒలిచి ఒలిచి అరిగిపాయె."

మూడుసార్లు వేయించుకుని, మూడు మచ్చలూ ఉంచుకుని, చాల్లే అన్నారు.

బయట బస్సు కోసం నిలబడ్డాం. భూమి నిలబడినందుకు ఆమె సంతోషంగా ఉందనుకుని, నేనూ కొంత సంతోషపడదామని చూశాను.

"రెండు కాయితాలూ బల్ల మింద పక్కపక్కన పెట్టినాడు కదా. చూస్తి," అంది. "మా మరిది రాసిందే బాగుండాది. గుండ్రంగా ఉండాది. నీది కాలిరిగిన కోడి నడిచినట్టుండాది."

"కావాలని అట్ల రాసినా పెద్దమ్మా. నమ్మకంగా ఉండల్లని."

"వాడు భూమి కోసరం నా పేరు రాసె. నువ్వు ఏంటికి రాస్తివి?"

ఏం చెప్పాలి. సూపర్‌వైజరు మాట పోతుందని చెప్పాలా. తీరా చూస్తే మరిదికి ఒక కారణమైనా ఉంది, రెండెకరాల కారణం. నాకు అది కూడా లేదు. అప్పుడే బస్సు వచ్చింది కాబట్టి జవాబు చెప్పే పని తప్పింది. మా ఊరి బస్సు నాకు ఉపకారం చేసిన సందర్భం అదొక్కటే.

ఊరి మొదట్లో బస్సు మలుపు తీసుకునేటప్పుడు కిటికీలోంచి రేకు బోర్డు కనిపించింది. పెద్దమ్మ కడ్డీలు పట్టుకుని, పెదాలు కదిలిస్తూ, అక్షరం వెనక అక్షరం కూడబలుక్కుని చదివింది. బస్సు మెల్లగా పోవడం వల్ల చివరిదాకా చదవగలిగింది.

"నూటికి నూరంట. నన్ను కలుపుకొనేనా?"

"నిన్ను కలుపుకొనే."

"నన్ను తీసేయమను."

"ఒకరిని తీసేస్తే బోర్డు మార్చల్ల పెద్దమ్మా. దానికి అర్జీ పెట్టుకోవల్ల."

"అయితే రాయి. ఏలిముద్దర నేనేస్తా."

మరుసటి రోజు ఆమె వాకిట్లో కూర్చుని చెబుతుంటే అర్జీ రాశాను. తప్పులు లేకుండా రాశాను. ఆ ఊరివాళ్ల తరఫున నేను రాసిన కాగితాల్లో, కాగితంలో పేరున్న మనిషే చెప్పి రాయించినది అదొక్కటే. కింద మచ్చలాంటి వేలిముద్ర వేసింది. నేను దాన్ని మండలాఫీసులో ఇచ్చి వచ్చాను. గుమాస్తా చదివి, బీరువా తెరిచి, మా ఊరి కట్ట మీదే పెట్టాడు.

అప్పటికి మా గోడౌను బడి ఎత్తేశారు. పలకలు శెట్టి అంగడిలో చేరాయి. బెల్లం ధర, నూనె ధర వాటి మీదే రాసి వేలాడదీసేవాడు. ఒకరోజు పెద్దమ్మ వెళ్లి, నూనె ధర పలకను మేకు మీంచి తీసి, కొంగుతో తుడిచేసింది.

"అది నా అంగడి పలక," అన్నాడు శెట్టి.

"బడిది," అంది. పలక చంకలో పెట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చి, గోడ మీద నా ప్రశంసాపత్రం చట్రం కింద కూర్చుంది.